ఆంగ్ల గోథిక్ నవల - రచయిత్రులు - అతిమానుషాంశము

ఆంగ్ల సాహిత్యమున గోథిక్ నవల అను ప్రక్రియ 1764 డిసెంబరులో హొరేస్ వాల్పోల్ ప్రకటించిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో'తో ఆరంభమైనదని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. పురాతనమైన కోట, దాని క్రింద సొరంగము, పటమునుండి దిగి నడచు పూర్వుని బొమ్మ, ఆకసమునుండి పడి రాజకుమారుని నలిపివేసిన మహాశిరస్త్రాణము - ఇవి ఆ గ్రంథమున ప్రధానసామగ్రి. మొదటి ముద్రణమున వాల్పోల్ తన పేరు దాచి, అది యొక ప్రాచీన ఇటాలియన్ గ్రంథమునకు అనువాదమని నటించెను. 1765 నాటి రెండవ ముద్రణమున కర్తృత్వమును ఒప్పుకొని, గ్రంథనామమునకు 'గోథిక్ కథ' అను విశేషణమును చేర్చెను. ఆ పేరే పిమ్మట ప్రక్రియకంతటికి నిలిచినది.

ప్రక్రియను ప్రారంభించినవాడు పురుషుడు. కాని తరువాతి నూరుసంవత్సరములకు పైగా దానిని పెంచి పోషించినవారిలో అగ్రగణ్యులు స్త్రీలు. క్లారా రీవ్, ఆన్ రాడ్‌క్లిఫ్, మేరీ షెల్లీ, బ్రాంటీ సోదరీమణులు, ఎలిజబెత్ గాస్కెల్, అమెరికాలో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ - వీరి రచనలను తీసివేసినచో గోథిక్ సాహిత్యచరిత్రలో మిగులునది స్వల్పము. స్త్రీలు దయ్యపు కథలవైపు ఇంతగా ఏల మొగ్గిరను ప్రశ్నకు రెండు సులభమైన సమాధానములు చెప్పుట కలదు. స్త్రీ స్వభావముచేతనే భీరువు, కల్పనాలోలురాలు అనునది మొదటిది. అద్దె గ్రంథాలయములకు నవలలు కావలసివచ్చెను, లండనులో విలియమ్ లేన్ నడపిన మినర్వా ముద్రణాలయము వంటివి వానిని సంపుటములుగా అచ్చువేసి పంపెను, రచయిత్రులు గిరాకిని బట్టి వ్రాసిరి అనునది రెండవది. మొదటి సమాధానము కేవలము నింద. రెండవదానిలో కొంత నిజము కలదు. అయినను ఒక సరకు బజారున అమ్ముడుపోయినదని చెప్పినంతమాత్రమున ఆ సరకు ఆ రూపముననే ఏల ఉన్నదో తేలదు.

ఈ కథలలో దయ్యము ఎవరు, అది ఏమి కోరుచున్నది, దానికి భయపడిన స్త్రీ నిజముగా దేనికి భయపడుచున్నది అను మూడు విషయములను వరుసగా పరిశీలించినచో వేరొక సమాధానము దొరకును. మూఢవిశ్వాసము ఈ కథలకు పైపూత మాత్రమే. ఇంటిపైన, ఆస్తిపైన, తన శరీరముపైన స్త్రీకి గల హక్కును గూర్చిన వ్యాజ్యము వాని లోపలి వస్తువు. ఆ వ్యాజ్యమును న్యాయస్థానమున వేయుటకు వీలులేని కాలమున రచయిత్రులు దానిని దయ్యపుకోటలో వేసిరి.

1. శాసనమున భార్య స్థితి

'ఒట్రాంటో' రెండవ ముద్రణము వెలువడిన 1765 లోనే ఆక్స్‌ఫర్డు న్యాయాచార్యుడు విలియమ్ బ్లాక్‌స్టన్ ఇంగ్లండు శాసనములపై తన వ్యాఖ్యానములలో మొదటి సంపుటమును ప్రకటించెను. వివాహముచే భార్యాభర్తలు శాసనదృష్టిలో ఒకే వ్యక్తి యగుదురనియు, వివాహకాలమంతయు భార్య యొక్క న్యాయపరమైన ఉనికి నిలిచిపోవును, లేక భర్త ఉనికిలో లీనమగుననియు అందు సిద్ధాంతీకరింపబడినది. దాని ఫలితములు స్పష్టమైనవి. ఆమె చరాస్తి భర్తది. ఆమె భూములపై వచ్చు ఆదాయమును భర్త అనుభవించును. ఆమె స్వయముగా చేసిన ఒడంబడిక చెల్లదు. భర్తను విడిచి ఆమె ఒక్కతె వ్యాజ్యము నడపజాలదు. ఆమె కూలిడబ్బులు సైతము భర్తవే. ధనికకుటుంబములు కుమార్తెల కొరకు ధర్మకర్తల పేర ఆస్తిని విడిగా నిలుపు ఏర్పాటు ఈక్విటీ న్యాయస్థానములలో కలదు. కాని అది కొలదిమందికే అందెడిది. 1870, 1882 సంవత్సరములలో వివాహితస్త్రీల ఆస్తిశాసనములు వచ్చువరకు ఈ స్థితి ప్రధానముగా మారలేదు.

తెలుగు పాఠకుడు 'స్త్రీధనము' అను మాటను తలచుకొనినచో ఇందలి లోపమును సులభముగా గ్రహించును. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన 'మితాక్షర'ను తిక్కనకు సమకాలికుడైన కేతన పదమూడవ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ ధర్మశాస్త్ర సంప్రదాయము భార్యకు ప్రత్యేకమైన ధనమొకటి కలదని అంగీకరించినది. ఆచరణమున అది ఎంతవరకు ఆమె చేతిలో నిలిచెననునది వేరు ప్రశ్న. ఆంగ్లదేశపు సామాన్యశాసనము ఒంటిమీది బట్టలు, నగలు వంటి కొలదివస్తువుల విషయమున, అదియు పరిమితముగా, భార్య హక్కును గుర్తించెను.

ఇట్టి శాసనమునకు లోబడిన స్త్రీ ఇంట తిరుగును, మాటాడును, బిడ్డలను కనును. కాని న్యాయస్థానమునకు ఆమె కనబడదు, ఆమె మాట వినబడదు. లోకమున దయ్యమునకు చెప్పు లక్షణమిదియే కదా! గోథిక్ కథలలో మూతపడిన గదులనుండి వినవచ్చు కంఠములు తరచుగా భార్యలవి, వారసురాండ్రవి అగుట ఈ నేపథ్యమున ఆశ్చర్యకరము కాదు.

2. రాడ్‌క్లిఫ్ - రజ్జుసర్పము

వాల్పోల్ మార్గమును అనుసరించిన తొలి రచయిత్రి క్లారా రీవ్. ఆమె నవల 1777 లో 'ది చాంపియన్ ఆఫ్ వర్చ్యూ' అను పేరను, 1778 లో 'ది ఓల్డ్ ఇంగ్లిష్ బేరన్' అను పేరను వెలువడెను. వాల్పోల్ కథలో అద్భుతము హద్దుమీరి నవ్వు పుట్టించుచున్నదని ఆమె పీఠికలో ఆక్షేపించి, తన దయ్యమును సంభావ్యతకు లోబరచెను. ఆ దయ్యము చేసిన పని గమనింపదగినది. హత్యచేయబడిన ప్రభువు యొక్క కుమారుడు కాపువాని ఇంట పెరుగును. మూతపడిన తూర్పుభాగమున అతడు గడపిన రాత్రులలో రహస్యము బయలుపడి, ఎస్టేటు అతనికి తిరిగి సంక్రమించును. అనగా దయ్యము ఆస్తితగవులో సాక్షి యైనది. అయితే రీవ్ కథలో వారసుడు పురుషుడు. ఆ స్థానమున స్త్రీని నిలిపినది ఆన్ రాడ్‌క్లిఫ్.

'ఒట్రాంటో' వెలువడిన 1764 లోనే జన్మించిన రాడ్‌క్లిఫ్, పత్రికారచయిత యొక్క భార్య. 1789 నుండి 1797 వరకు ఆమె అయిదు నవలలు ప్రకటించెను. వానిలో 1794 నాటి 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'కు 500 పౌనులు, 1797 నాటి 'ది ఇటాలియన్'కు 800 పౌనులు ప్రకాశకులు ఇచ్చిరి. ఆ కాలమున నవలకు అది అసాధారణమైన ధనము. శాసనరీత్యా ఆ ధనము ఆమెది కాదు, ఆమె భర్తది.

'ఉడాల్ఫో' కథ 1584 లో ఫ్రాన్సుదేశమున ఆరంభమగును. తల్లిదండ్రులను కోల్పోయిన ఎమిలీ సెంట్ ఆబర్ట్ మేనత్త పోషణలోనికి వచ్చును. ధనవంతురాలైన ఆ మేనత్త మాంటోనీ అను ఇటాలియన్‌ను వివాహమాడును. అతడు ఇరువురను ఆపెనైన్ పర్వతములలోని ఉడాల్ఫో దుర్గమునకు కొనిపోవును. ఆ కోటలో వింత సంగీతములు, మసక వెలుగులు, అదృశ్యకంఠములు ఎమిలీని వెంటాడును. ఒక గదిలో నల్లని తెర వ్రేలాడుచుండును. ఆమె దానిని తొలగించి చూచి మూర్ఛిల్లును. ఆమె చూచినదేదో రచయిత్రి వందలపుటల వరకు చెప్పదు. కడపట తేలునదేమనగా, అది పూర్వమొకప్పుడు ఆ వంశపు ప్రభువునకు ప్రాయశ్చిత్తముగా విధింపబడిన, కుళ్లిన శవమును పోలిన మైనపుబొమ్మ. తక్కిన వింతలకును ఇట్టి లౌకికకారణములే చెప్పబడినవి.

ఈ పద్ధతిని సర్ వాల్టర్ స్కాట్ 1824 లో రాడ్‌క్లిఫ్ నవలలకు వ్రాసిన పరిచయమున ఆక్షేపించెను. అంతసేపు భయపెట్టి తుదకు స్వల్పకారణము చెప్పుట పాఠకుని మోసగించుటయే యని అతని భావము. ఆ మాటను తరువాతివారు అనేకులు వల్లించిరి. వేదాంతగ్రంథములలో ప్రసిద్ధమైన రజ్జుసర్ప దృష్టాంతముతో ఈ ఆక్షేపణను పరీక్షింపవచ్చును. చీకటిలో త్రాడును చూచి పామని భ్రమించినవాడు దీపము రాగానే త్రాడని తెలిసికొనును, భయము తొలగును. 'ఉడాల్ఫో'లోను ఇట్లే జరిగినచో స్కాట్ పలికినది సరియే.

కాని ఉడాల్ఫోలో దీపము వచ్చిన పిమ్మటను భయము తొలగలేదు. తెరవెనుకనున్నది మైనపుబొమ్మ యని తేలినది. తన పేర నిలిపియుంచుకొనిన భూములను వ్రాసియీయనన్నందున మేనత్తను గోపురమున బంధించి, ఆమె జ్వరముతో మరణించువరకు ఉంచిన మాట మాత్రము నిజముగనే నిలిచినది. అదృశ్యకంఠము దయ్యముది కాదని తేలినది. మేనత్త పోయిన వెనుక అదే దస్తావేజును ఎమిలీ ముందుంచి వ్రాలు చేయుమని బలవంతపెట్టిన మాంటోనీ మాయము కాలేదు. పామనుకొన్నది త్రాడే. కాని ఆ త్రాడు ఉరిత్రాడు.

రాడ్‌క్లిఫ్ ఈ విషయమును ఒక చిన్న వివరమున స్పష్టపరచెను. ఎమిలీకి ఇచ్చిన గదికి రెండవ తలుపొకటి కలదు. అది చీకటి మెట్లదారికి పోవును. ఆ తలుపునకు గదివైపున గడియ లేదు, వెలుపలివైపున కలదు. అచట పడుకొనిన స్త్రీ ఇతరులను రానీయకుండ తలుపు వేసికొనజాలదు. ఇతరులు ఆమెను పోనీయకుండ తలుపు వేయగలరు. ఒక రాత్రి ఆ దారిని వచ్చినది దయ్యము కాదు, ఆమెను బలవంతముగా ఎత్తుకొనిపోదలచిన కౌంట్ మొరానో. కోటలోని దయ్యములన్నిటికి కారణము చెప్పిన రచయిత్రి ఈ గడియకు కారణము చెప్పలేదు. చెప్పవలసిన అవసరము చదువరులలోని స్త్రీలకు లేకుండెను.

దయ్యమునకు మూర్ఛిల్లిన ఈ ఎమిలీయే దస్తావేజు ముందు ధైర్యవతి. శాసనము తన పక్షమున నున్నదని తెలియుననియు, వ్రాలు చేయననియు ఆమె మాంటోనీ ముఖము మీదనే చెప్పును. తుదకు విడిచిపెట్టుదుననగా నమ్మి ఆమె సంతకము చేయుటయు, అతడు మాట తప్పుటయు జరిగినను, ఆ వాదము పాఠకుని మనస్సున నిలుచును. ఆమె మరణానంతరము 1826 లో వెలువడిన వ్యాసమున రాడ్‌క్లిఫ్ రెండు విధములైన భయములను వేరుపరచెను. ఒకటి ఆత్మను విప్పార్చి శక్తులను మేల్కొల్పును. రెండవది వానిని గడ్డకట్టించును. మన ఆలంకారికుల భయానక బీభత్సముల భేదము దీనికి కొంత సన్నిహితము. 1796 లో మాథ్యూ లూయిస్ రచించిన 'ది మంక్' రెండవ విధమునకు ఉదాహరణము. అందు స్త్రీ భయమునకు గురియై నశించును. రాడ్‌క్లిఫ్ నాయిక భయపడుచు దీపము పట్టుకొని నడచును, తలుపులు పరీక్షించును, కాగితములు చదువును. ఆమెకు భయము జ్ఞానమునకు మార్గమైనది. అయినను రాడ్‌క్లిఫ్‌ను విప్లవవాదిగా భావింపరాదు. ఆస్తి దక్కిన ఎమిలీ తుదకు సుశీలుడైన వరుని వివాహమాడి సుఖించును. మాంటోనీ వంటివానికి అంతటి అధికారమిచ్చిన శాసనము అట్లే యుండును.

3. దయ్యము లేని కోటలు

రాడ్‌క్లిఫ్ విడిచిన ఈ విషయమును మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ చేపట్టెను. 1792 లో స్త్రీల హక్కులను సమర్థించు సుప్రసిద్ధగ్రంథమును వెలువరించిన ఆమె, అదే వాదమును నవలగా వ్రాయ మొదలుపెట్టి, పూర్తిచేయకయే 1797 సెప్టెంబరు 10 న మరణించెను. భర్త విలియమ్ గాడ్విన్ 1798 లో ప్రకటించిన ఆ అసంపూర్ణనవల 'మరియా'. దయ్యములతో నిండిన కల్పితదుర్గములు తన నాయిక చిక్కుకొనిన నివాసము ముందు ఎంతమాత్రమనుచు ఆమె కథను ప్రారంభించినది. ఆ నివాసము పిచ్చాసుపత్రి. మరియా పిచ్చిది కాదు. ఆమె పినతండ్రి తన ధనమును అల్లునికి దక్కకుండ మరియా బిడ్డ పేర వ్రాసి, మరియాను సంరక్షకురాలిగా నియమించెను. ఆ ధనము కొరకు భర్త ఆమెకు మత్తుమందిచ్చి అచట బంధించెను, చంటిబిడ్డను లాగికొనెను. ఇందు అతిమానుషమునకు తావు లేదు. కావలి స్త్రీ జెమీమా కథకు రచయిత్రి విస్తారమైన చోటిచ్చి, పేదస్త్రీకి కోట లేకున్నను చెర తప్పదని చూపెను.

జేన్ ఆస్టిన్ వేరొక త్రోవను పట్టెను. ఆమె మరణానంతరము 1817 డిసెంబరులో వెలువడిన 'నార్థాంగర్ ఆబీ'లో, 'ఉడాల్ఫో' చదివి మైమరచిన కాథరిన్ మోర్లండ్ అను బాలిక ఒక పాతభవనమునకు అతిథిగా పోవును. తన గదిలోని నల్లని బీరువాలో రాత్రి దొరికిన కాగితములు రహస్యపత్రములని వణకును. తెల్లవారి చూడగా అవి చాకలిపద్దులు. గృహస్థుడైన జనరల్ టిల్నీ భార్యను చంపెననియో, ఎచటనో బంధించెననియో ఆమె అనుమానించి, అతని కుమారునిచే మందలింపబడి సిగ్గుపడును. ఇంతవరకు ఇది గోథిక్ నవలపై పరిహాసము. కాని కథ అచట ముగియలేదు. కాథరిన్ ధనవంతురాలు కాదని తెలిసిన మరుక్షణమున ఆ జనరల్ ఆమెను, తోడుగా ఒక పరిచారికనైనను ఈయక, దూరప్రయాణమునకు తెల్లవారుజామున ఇల్లు వెడలగొట్టును. ఆమె అనుమానము వివరములలో తప్పు. మనిషిని గూర్చి తప్పు కాదని ఆస్టిన్ స్వయముగా సూచించినది.

వుల్‌స్టన్‌క్రాఫ్ట్ కుమార్తె మేరీ షెల్లీ 1818 లో పేరు లేకుండ ప్రకటించిన 'ఫ్రాంకెన్‌స్టయిన్' ఈ వ్యాసపరిధికి కొంత వెలుపలిది. అందు దయ్యము లేదు, శాస్త్రప్రయోగము కలదు. తనను కన్న పదునొకండవ దినమున తల్లిని పోగొట్టుకొనిన ఆ రచయిత్రి, స్త్రీ ప్రమేయము లేకుండ ప్రాణిని పుట్టించి, పుట్టగానే విడిచి పారిపోయిన పురుషుని కథను వ్రాసెనని మాత్రము ఇచట చెప్పవలసియున్నది.

4. బ్రాంటీ సోదరీమణులు

1847 లో రెండు నెలల వ్యవధిలో షార్లట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్', ఎమిలీ బ్రాంటీ 'వుదరింగ్ హైట్స్' పురుషనామములను పోలిన మారుపేర్లతో వెలువడెను. రెండింటను అతిమానుషము ఇంటితోను, వివాహముతోను ముడిపడియున్నది.

'వుదరింగ్ హైట్స్'లో చనిపోయిన కాథరిన్ బాలికారూపమున కిటికీయొద్ద నిలిచి లోనికి రానిమ్మని వేడును. అతిథియైన లాక్‌వుడ్ భయముచే ఆ చేతిని పగిలిన అద్దముపై రాచును. బాలికగా వచ్చినను ఆమె చెప్పుకొనిన ఇంటిపేరు పెండ్లివలన వచ్చినది. పుట్టినింటి వాకిట నిలువబడి మెట్టినింటి పేరు చెప్పుకొను ఈ దయ్యమున ఆ నవల సారమంతయు కలదు. తక్కిన కథలో హీత్‌క్లిఫ్ రెండుకుటుంబముల ఆస్తిని గ్రహించుటకు వాడిన ఆయుధములు అప్పు, తాకట్టు, వివాహము. చిన్న కాథరిన్‌ను ఇంట బంధించి తన కుమారునికిచ్చి పెండ్లిచేసి, ఆమె చరాస్తిని ఆ కుమారుని మరణశాసనము ద్వారా తాను పొందును. న్యాయవాదియైన సి. పి. శాంగర్ 1926 లో ఈ నవలను పరిశీలించి, ఇందలి ఆస్తివ్యవహారము నాటి శాసనముతో ఎంత సూక్ష్మముగా పొసగుచున్నదో నిరూపించెను. గాలివానలు, దయ్యములు గల కథగా పేరొందిన నవల దస్తావేజుల విషయమున ఇంత ఖచ్చితముగా నుండుట యాదృచ్ఛికము కాదు.

'జేన్ ఎయిర్'లో థార్న్‌ఫీల్డు భవనపు మూడవ అంతస్తునుండి వికటమైన నవ్వు వినవచ్చును. రాత్రి ఎవరో యజమాని మంచమునకు నిప్పుపెట్టుదురు. పెండ్లికి ముందు జేన్ మేలిముసుగును చింపుదురు. ఇది దయ్యపుపని యని జేన్ శంకించును. వివాహవేదికయొద్ద న్యాయవాది నోట నిజము బయలుపడును: పైన నున్నది రాచెస్టర్ భార్య బెర్తా మేసన్. జమైకాలో పుట్టిన ఆమెను, ముప్పదివేల పౌనుల కట్నమునకై తండ్రి, అన్న ఏర్పరచిన సంబంధముగా, రాచెస్టర్ పెండ్లాడెను. రాడ్‌క్లిఫ్ కథలో దయ్యమును వివరింపగా మైనపుబొమ్మ తేలెను. షార్లట్ కథలో దయ్యమును వివరింపగా బ్రతికియున్న భార్య తేలెను. ఆ రెండు వివరణముల నడుమ ప్రక్రియ ఎంత దూరము నడచినదో గ్రహింపవచ్చును.

జేన్ మతబోధకుడైన సెంట్ జాన్ రివర్స్‌కు భార్యగా హిందూదేశమునకు పోవుటకు ఒప్పుకొనక, సోదరిగానైన వత్తుననును. పినతండ్రి విడిచిన ఇరువదివేల పౌనులను నలుగురకు పంచి, తన వంతు అయిదువేలతో స్వతంత్రురాలై రాచెస్టర్‌ను చేరును. ఆమెను అతని వైపు మరల్చినది దూరమునుండి వినబడిన అతని పిలుపు. రచయిత్రి లౌకికకారణము చెప్పని అద్భుతమదియే. అయితే సంపాదించిన ఆ స్వాతంత్ర్యము పెండ్లితో ఏమగును? ధర్మకర్తల ఏర్పాటు లేనిచో 1847 నాటి శాసనమున ఆ అయిదువేలు భర్తవే. ఈ ప్రశ్నను నవల వేయలేదు. భర్తను గ్రుడ్డివానిగా, అవిటివానిగా చేయుటచే సమానత్వమును సాధించినది.

అంతకంటె కఠినమైన ప్రశ్న బెర్తాది. జేన్‌కు త్రోవ యిచ్చుటకు బెర్తా మేడపైనుండి దుమికి మరణింపవలసివచ్చెను. నవలలో ఆమెకు అరపులు, నవ్వులు తక్క మాటలు లేవు. వెస్టిండియన్ దీవులలో పుట్టిన జీన్ రీస్ 1966 లో ప్రకటించిన 'వైడ్ సర్గాసో సీ'లో ఆ మూగదయ్యమునకు బాల్యమును, పేరును, మాటను ఇచ్చెను. కలకత్తాలో జన్మించిన గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985 లో వ్రాసిన వ్యాసమున, ఆంగ్లస్త్రీ వ్యక్తిత్వవికాసమునకు వలసదేశపు స్త్రీ బలి యగుటను ఎత్తిచూపెను. ఒక స్త్రీ దయ్యమునుండి విముక్తురాలగుటకు మరియొక స్త్రీని దయ్యముగా చేయుట ఈ సాహిత్యమునకు మాయని మచ్చ.

5. గాస్కెల్ - నిజమైన దయ్యము

దయ్యము భ్రాంతి కాదని స్పష్టముగా చెప్పిన కథలలో ఎలిజబెత్ గాస్కెల్ 'ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ' ముఖ్యమైనది. ఇది చార్లెస్ డికెన్స్ సంపాదకుడైన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రిక 1852 నాటి క్రిస్మస్ సంచికలో వెలువడెను. అనాథయైన రోజమండ్ అను చిన్నపిల్లను దాది హెస్టర్ నార్తంబర్లండులోని ఫర్నివాల్ భవనమునకు కొనిపోవును. మంచులో నిలిచిన దయ్యపుపిల్ల రోజమండ్‌ను బయటికి పిలుచుచుండును. పూర్వము ఆ ఇంటి ప్రభువు, రహస్యముగా పెండ్లాడి బిడ్డను కన్న పెద్దకుమార్తెను బిడ్డతోకూడ మంచులోనికి వెడలగొట్టెను, బిడ్డ మరణించెను. ఆ రహస్యమును తండ్రికి తెలిపినది అసూయాపరురాలైన చెల్లెలు. ఇప్పుడామె ముసలిది. తుదిఘట్టమున పూర్వపు దృశ్యమంతయు అందరి కన్నులయెదుట తిరిగి జరుగును. ముసలామె తన యౌవనరూపమును, అది అక్క దుఃఖమును నిశ్చలముగా చూచుచు నిలిచియుండుటను చూచి కూలును.

దయ్యములు పిల్లకు మాత్రమే కనబడునట్లు మార్చుమని డికెన్స్ కోరెను, గాస్కెల్ అంగీకరింపలేదు. ఆమె పట్టుదలకు కారణము కథలోనే కలదు. పిల్లకు మాత్రము కనబడినచో అది పసితనపు భ్రమ యగును. అందరకు కనబడుటచే అది సాక్ష్యమైనది. శిక్షింపబడినది తండ్రి యొక్క క్రౌర్యము మాత్రమే కాదు, దానికి తోడ్పడిన స్త్రీ యొక్క మౌనము కూడ. స్త్రీలను కేవలము బాధితులుగా చూపు సులభమార్గమును గాస్కెల్ విడిచెను.

6. గోడకాగితములోని స్త్రీ

1892 జనవరిలో అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్ మాగజైన్'లో షార్లట్ పెర్కిన్స్ స్టెట్సన్ పేర ఒక చిన్నకథ వెలువడెను. పిమ్మట ఆమె గిల్మన్ అను పేర ప్రసిద్ధురాలయ్యెను. 'ది యెల్లో వాల్‌పేపర్' అను ఆ కథలో ప్రసవానంతరము నలతపడిన స్త్రీని, వైద్యుడైన భర్త వేసవికి అద్దెకు తీసికొనిన పాతభవనపు పైగదిలో విశ్రాంతికై ఉంచును. ఆమె వ్రాయరాదు, పనిచేయరాదు. కిటికీలకు కమ్ములు కలవు. మంచము నేలకు బిగింపబడినది. ఆ ఇల్లు దయ్యాలకొంప యైన బాగుండునని ఆమె మొదట వేళాకోళముగా తలచును. క్రమముగా పసుపుపచ్చని గోడకాగితపు చిత్రవిన్యాసము వెనుక ఒక స్త్రీ ప్రాకుచు, కమ్ములవంటి గీతలను కదల్చుచున్నట్లు కనబడును. తుదకు ఆ కాగితమును చించి, ఆ స్త్రీ తానే యని ఆమె ప్రకటించును. మూర్ఛిల్లిన భర్త మీదుగా ప్రాకుచుండగా కథ ముగియును.

ఉడాల్ఫోలో తెర తొలగించి మూర్ఛిల్లినది స్త్రీ. ఇచట కాగితము చింపినది స్త్రీ, మూర్ఛిల్లినది పురుషుడు. ఉడాల్ఫోలో బంధించినవాడు దుర్మార్గుడు. ఇచటివాడు భార్య మేలు కోరు సజ్జనుడు. గిల్మన్ కథలోని తీవ్రత ఇచటనే కలదు. గడియ వెలుపలనున్నచో దానిని వేసిన చేయి ప్రేమగలదైనను ఫలము మారదు. రచయిత్రి స్వయముగా 1887 లో డాక్టరు వైర్ మిచెల్ విధించిన విశ్రాంతిచికిత్సకు లోనై మతిభ్రమణపు అంచుల వరకు పోయినది. అట్టి స్థితినుండి ఇతరులను రక్షించుటకే ఈ కథ వ్రాసితినని ఆమె 1913 లో ప్రకటించినది.

7. విమర్శమార్గములు

ఈ రచనలను ఒక సంప్రదాయముగా గుర్తించుట ఆలస్యముగా జరిగినది. 1976 లో ఎలెన్ మోయర్స్ 'లిటరరీ విమెన్' గ్రంథమున స్త్రీ గోథిక్ అను పరిభాషను ప్రవేశపెట్టెను. 1979 లో సాండ్రా గిల్బర్ట్, సూసన్ గ్యూబర్ కలసి రచించిన విమర్శగ్రంథము మేడమీది పిచ్చిస్త్రీ పేరనే వెలసి, బెర్తాను రచయిత్రుల అణగిన కోపమునకు ప్రతిరూపముగా వ్యాఖ్యానించినది. ఈ స్త్రీవాదవిమర్శ వలన గోథిక్ నవలకు చిల్లరసాహిత్యమను అపఖ్యాతి తొలగినది. అయితే ప్రతి దయ్యమును కోపమునకు ప్రతీకగా మార్చుటలో ఒక ప్రమాదము కలదు. దయ్యమును మనస్సునకు పరిమితము చేసినచో గడియ, దస్తావేజు, కట్నము, చికిత్స అను బాహ్యవస్తువులు మరుగున పడును. రాడ్‌క్లిఫ్ మొదలు గిల్మన్ వరకు రచయిత్రులు అత్యంతశ్రద్ధతో వర్ణించినవి ఆ వస్తువులనే.

కావున స్కాట్ వేసిన ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. దయ్యమునకు కారణము చెప్పుట పాఠకుని మోసగించుట కాదు. దయ్యము చాటుననున్న దానిని అతని ముందు నిలుపుట. దయ్యమును నమ్మినను, నమ్మకున్నను, నవ్వినను ఈ రచయిత్రులు చూపిన గది యొక్కటే. ఆ గదిలోనికి దీపము తెచ్చిన పాఠకుడు దయ్యము లేదని తెలిసికొని తృప్తుడై మరలిపోరాదు. ఆ దీపమును తలుపుదగ్గరకు కొనిపోయి, గడియ ఏ వైపున నున్నదో చూడవలెను.